పాత కారుకు కొత్త బ్రేకులు

దశరథ మహారాజు యుద్ధమున నుండగా రథచక్రపు సీల జారిపోయెననియు, ప్రక్కనున్న కైక తన వ్రేలిని ఇరుసు కొనయందు ఉంచి చక్రము ఊడిపోకుండ కాచెననియు మన యిండ్లలో ఒక కథ చెప్పుకొందురు. ఆ వ్రేలికి ప్రతిఫలముగా లభించిన వరములే తరువాత రామకథను అడవుల పాలు చేసినవట. ఆ కథలోని ధర్మసూక్ష్మములను పౌరాణికులకు విడిచి, అందులోని యంత్రసూక్ష్మమును మాత్రము మేము నేడు మీ ముందుంచుచున్నాము. రథము ఎంత గొప్పదైనను, గుఱ్ఱములు ఎంత మేలుజాతివైనను, చక్రమును ఇరుసునకు పట్టి ఉంచునది ఒక చిన్న సీల. అది జారిన దినమున రథికుని పరాక్రమము కొరగాదు. మోటారు కారునందును ఇదే న్యాయము. ఇంజనును గూర్చి పదిమంది మాటలాడుదురు. చక్రనాభిని గూర్చియు, బ్రేకును గూర్చియు మాటలాడువారు అరుదు. ఆ అరుదైన మాటయే నేటి మా ప్రసంగము.

విశాఖపట్టణమునుండి నైరుతిదిశగా ఉక్కు కర్మాగారమును దాటి పోయినచో పరవాడ వచ్చును. 2002లో సింహాద్రి విద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడినది. ఆ తరువాత మందుల కర్మాగారములు వరుసకట్టినవి. 2022లో ఆ ప్రాంతము కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. ముత్యాలమ్మపాలెము వైపునుండి వచ్చు సముద్రపు గాలికి ఇనుము అను మాట వినిన చాలును, త్రుప్పు పుట్టును. అట్టి చోట ఒక రేకుల పాకలో 1957 నాటి ఎమ్.జి.ఎ. అను ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఒకటి ఉన్నది. దాని యజమాని మా మిత్రులు. కారు వారి తండ్రిగారిది. మాలో మరియొకరు చిరకాలము లేతు పని చేసినవారు. మూడవవారు బడిలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొనుచున్నవారు. ముగ్గురమును కలిసి ఆదివారములలో ఆ కారు పని చూచుచుందుము. కావున ఈ ప్రసంగములో 'మేము' అనుట గౌరవార్థకము కాదు, ఉన్న మాటయే.

ఈ కారును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఇంగ్లండులో ఎబింగ్డన్ అను ఊర ఎమ్.జి. సంస్థవారు 1955 మొదలు 1962 వరకు ఈ నమూనాను నిర్మించిరి. ఇద్దరు కూర్చుండుటకు మాత్రమే చోటు. నేలను తాకునట్లుండు పొట్టి ఆకారము. చువ్వలతో అల్లిన చక్రములు. ఇంత వింతగా కనిపించినను, ఇది మనకు పరాయిది కాదు. దీని ఇంజను, మన వీధులలో దశాబ్దములపాటు తిరిగిన అంబాసిడరు కారు పెట్రోలు ఇంజను, రెండును ఒకే వంశమునకు చెందినవి. 1489 ఘన సెంటీమీటర్ల కొలత కూడ ఒకటే. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది గాని, దాని ఇంజను మర్మమెరిగిన మేస్త్రీలు గాజువాక ఆటోనగరులో నేటికిని ఉన్నారు. అందువలన ఇంజను విషయములో మాకెన్నడును దిగులు కలుగలేదు. దిగులు మరియొక దిక్కునుండి వచ్చినది.

ఒక శీతకాలమున అరకులోయనుండి తిరిగి వచ్చుచుంటిమి. అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు దిగు ఘాటు రోడ్డులో, మలుపు మలుపునకు బ్రేకు నొక్కుచు మా మిత్రులు కారును దింపుచుండిరి. సగము దూరము దిగునప్పటికి పెడలు మునుపటికన్న లోతుగా పోవ మొదలిడెను. మరి రెండు మలుపులు తిరుగునప్పటికి మాడిన వాసన వచ్చెను. తరువాతి మలుపులో పెడలు నేలను తాకెను. కారు మాత్రము ఆగలేదు. ఆయన తొందరపడక రెండవ గేరునకు మార్చి, చేతిబ్రేకు లాగి, కొండవైపు మట్టికట్టకు కారును ఆనించి నిలిపిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఎదుట ఆ సమయమున బస్సు రాకపోవుట మా తెలివి కాదు, మా అదృష్టము. అరగంట సేపు రోడ్డు ప్రక్కన కూర్చుంటిమి. డ్రమ్ములు చల్లారినపిమ్మట పెడలు ఏమియు ఎరుగనట్లు తిరిగి పైకి వచ్చెను. బ్రేకుల గుణములలో మిక్కిలి అపాయకరమైనది ఇదియే. తప్పు చేసిన చోట సాక్ష్యము మిగులదు.

ఇంటికి వచ్చిన మరునాడు నాలుగు చక్రములను విప్పితిమి. అంతకుముందే మమ్ము వేధించుచున్న సందేహమొకటి ఉండెను. ఈ కారునకు ప్రతి చక్రమును నడిమధ్య ఒకే ఒక పెద్ద నట్టు పట్టి ఉంచును. దాని రెక్కలను సుత్తితో కొట్టి బిగింతురు, సుత్తితోనే విప్పుదురు. ముందరి రెండు నట్లు మాత్రము, ఎంత గట్టిగా బిగించినను, ఏబది మైళ్ళు తిరిగి వచ్చునప్పటికి ఒక పిసరు వదులుగా కనిపించుచుండెను. మా మిత్రులు ప్రతి ప్రయాణమునకు ముందు వాటిని సుత్తితో కొట్టి బిగించుట ఒక ఆచారముగా పెట్టుకొనిరి. వదులగుటకు కారణమును మాలో ఎవ్వరమును అడుగలేదు. ఆచారము స్థిరపడిన చోట ప్రశ్న పుట్టదు గదా!

హబ్బులను విప్పి చూచునప్పటికి కారణము బయటపడినది. ఈ తరహా చక్రములలో నట్టు లోపలి వాలు చక్రపు మూతిని కప్పి కూర్చుండును. చక్రము దొర్లునపుడు, లోపలి చుట్టుకొలతకును వెలుపలి చుట్టుకొలతకును గల వెంట్రుకవాసి భేదమువలన, నట్టు చక్రము తిరుగు దిశకు ఎదురుగా ఒక్కింత జరుగజూచును. ఆ జరుగుట బిగింపే అగునట్లు నిర్మాతలు ఏర్పాటు చేసిరి. కారునకు ఎడమవైపు హబ్బులకు మామూలు కుడి మర; కుడివైపు హబ్బులకు ఎడమ మర. కారు ముందుకు పోవుకొలదియు నట్టు తనకు తానే బిగియును. మా కారునకు ముందరి హబ్బులు రెండును తారుమారై ఉన్నవి. ఎప్పుడో, ఎవరో, ఏదో పనిశాలలో బేరింగులు మార్చి, కుడిదానిని ఎడమకు, ఎడమదానిని కుడికి బిగించి పంపిరి. తండ్రిగారి కాలమునుండి ఆ కారు ముందుకు పోయిన ప్రతి మైలును నట్టును విప్పుచునే వచ్చినది. సుత్తిదెబ్బలే దానిని ఇన్నాళ్ళు కాచినవి. సీల జారిన రథమునకు మా మిత్రుల సుత్తియే కైక వ్రేలైనది.

హబ్బుల లోపలి గాళ్ళు, అనగా చక్రము జారకుండ పట్టుకొను పళ్ళు, కత్తి అంచువలె సన్నగా అరిగిపోయి ఉన్నవి. వేగమును పుట్టించుటకైనను ఆపుటకైనను బలమంతయు ఆ పళ్ళగుండనే పోవలెను. చువ్వలలో కొన్ని త్రుప్పు తిని విరిగినవి. బ్రేకు లైనింగులు గాజువలె నున్నగా మెరయుచుండెను. ఈ స్థితిలో మా ముందు రెండు త్రోవలు నిలిచినవి. ఉన్నదానినే కొత్త భాగములతో యథాతథముగా బాగుచేయుట ఒకటి. హబ్బులను, బ్రేకులను తరువాతి నమూనాకు మార్చుట రెండవది.

ఈ సందర్భమున మాలో వాదము చెలరేగినది. "ఇది మా నాయనగారు తోలిన బండి. ఒక్కొక్క నట్టు మార్చుకుంటూ పోతే, ఆయన చేయి తగిలినది ఏది మిగులుతుంది?" అని యజమాని అనిరి. లేతు పని చేసిన పెద్దాయన తల ఊపి, "నిజమే బాబూ. కాని మీ నాయనగారు తోలిన రోజుల్లో లంకెలపాలెం కూడలిలో ఇన్ని లారీలు లేవు. మన ముందు పోయే కొత్త కారు టక్కున ఆగుతుంది. మనం ఆగకపోతే?" అని అడిగిరి. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. తీర్పు చెప్పినది మేము కాము, యజమాని కుమార్తె. "తాతగారి కారు నేను నడుపుతాను నాన్నా. కాని ఆగే కారైతేనే నడుపుతాను" అని ఆమె అన్నది. అంతటితో వాదము ముగిసినది, పని ఆరంభమైనది.

ఇక్కడ శ్రోతలకు బ్రేకు చేయు పని ఎట్టిదో వివరించుట యుక్తము. బ్రేకు వేగమును నశింపజేయదు. వేగమును వేడిగా మార్చును. మనుష్యులతో, సామానుతో కలిపి 1,100 కిలోల బరువుగల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. దానిని ఆపుటకు సుమారు 2,70,000 జౌళ్ళ శక్తిని వేడిగా మార్చవలెను. ఒక లీటరు నీటిని పొయ్యి మీద పెట్టి మరుగు స్థితికి తెచ్చుటకు పట్టు వేడి ఇంచుమించు అంతే. అదే కారు 40 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో అందులో నాలుగవ వంతు చాలును. వేగము రెట్టించినచో బ్రేకు మీద భారము నాలుగింతలగును. ఇక ఘాటు రోడ్డు సంగతి. అరకులోయ సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి మైదానమునకు దిగు ఈ కారు వదలుకొనవలసిన శక్తి దాదాపు 97 లక్షల జౌళ్ళు. అనగా ఇంచుమించు 33 లీటర్ల నీటిని మరిగించు వేడి. దానిలో కొంత ఇంజను తీసికొనును, కొంత గాలి తీసికొనును. చిన్న గేరులో దిగవలెనని పెద్దలు చెప్పుట ఇందుకే. ఆ మాట మరచి పెడలు మీదనే కాలుంచినవారికి మిగిలినదంతయు నాలుగు ఇనుప డ్రమ్ములలో చేరును.

డ్రమ్ము బ్రేకు గిన్నె వంటిది. గిన్నె లోపల రెండు నెలవంకల వంటి షూలు వెడల్పుగా విచ్చుకొని గోడను ఒరయును. వేడెక్కినపుడు గిన్నె వ్యాకోచించి షూలనుండి దూరముగా జరుగును; కావున పెడలు మరింత లోతుగా పోవును. వేడికి లైనింగు పట్టు తగ్గును. వేడి లోపలనే చిక్కుకొని త్వరగా చల్లారదు. వానలో నీరు చొరబడినచో కొంతసేపు పట్టు ఉండదు. డిస్కు బ్రేకు అట్లు కాదు. బయటికి కనిపించు ఇనుప పళ్ళెమును రెండు మెత్తలు ఇరువైపుల పట్టుకారువలె నొక్కును. వేడెక్కినపుడు పళ్ళెము ఉబ్బి మెత్తలకు మరింత దగ్గరగును గాని దూరము కాదు. గాలి నేరుగా తగులును. నీరు నిలువక చిమ్మి పోవును. ఒక్క లోటు మాత్రమున్నది. డ్రమ్ములోని ముందరి షూ గోడతోపాటు తిరుగబోయి, తనంతట తానే మరింత గట్టిగా ఒత్తుకొనును. అందుచేత కాలికి శ్రమ తక్కువ. డిస్కుకు ఆ స్వయంసాహాయ్యము లేదు. కాలే ఎక్కువగా నొక్కవలెను.

ఈ తారతమ్యము నిన్న మొన్న తెలిసినది కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లోనే డిస్కు బ్రేకునకు పేటెంటు తీసికొనెను. అతడు వాడిన రాగి మెత్తలు ఆనాటి దుమ్ము రోడ్లపై త్వరగా అరిగిపోవుటచేత అది నిలువలేదు. అర్ధశతాబ్దము గడచినపిమ్మట 1953లో ఫ్రాన్సు దేశమున లెమాన్సు ఇరువదినాలుగు గంటల పందెములో, డన్‌లప్ డిస్కు బ్రేకులుగల జాగ్వారు కారును రోల్టు, హామిల్టను అను ఇద్దరు నడిపి గెలిచిరి. ఆ పందెపు చరిత్రలో సగటు వేగము గంటకు నూరు మైళ్ళు దాటుట అదే మొదలు. గెలుపునకు కారణము ఇంజను బలము మాత్రమే కాదు. ప్రత్యర్థులకన్న ఆలస్యముగా బ్రేకు నొక్కి మలుపు తిరుగగలుగుటయు ఒక కారణము. 1956లో ట్రయంఫు టి.ఆర్.3 కారునకు ముందు చక్రములకు డిస్కులు వచ్చినవి. మా కారును నిర్మించినవారే 1959లో తమ 1600 నమూనాకు ముందు డిస్కులు అమర్చిరి. కావున మేము చేయబోవు మార్పు మా బుద్ధికి తోచిన ప్రయోగము కాదు. నిర్మాతలే రెండు సంవత్సరముల తరువాత చేసిన సవరణ. ఈ మాట మా మిత్రుల మనస్సునకు కొంత ఊరట కలిగించినది.

ఇక చేసిన పని. మొదటి నియమము: ఒకే కుటుంబమునకు చెందిన భాగములను కలిపి తెచ్చుకొనవలెను. స్టబ్ యాక్సిలు, హబ్బు, డిస్కు, దానిని పట్టు కాలిపరు ఒకదానికొకటి ఏర్పడినవి. ఒక కారు హబ్బు, మరియొక కారు కాలిపరు తెచ్చి, మధ్య రేకు ముక్కలు పెట్టి, వెల్డింగు చేసి అతికించుట కొందరు గొప్పగా చెప్పుకొందురు. ప్రాణము ఆధారపడిన చోట అతుకు పనికి తావు లేదు. మేము 1600 నమూనా భాగములను విదేశమునుండి తెప్పించితిమి. వెనుకవైపు కష్టము వేరు. చువ్వల చక్రముల కారునకును, నాలుగు బోల్టులతో బిగించు రేకు చక్రముల కారునకును వెనుక హబ్బులు వేరు. ఇరుసు కొలతలు కూడ చూచుకొనవలెను. రేకు చక్రములకు తగిన వెనుక ఇరుసు దొరకుటకు మాకు ఏడు నెలలు పట్టినది. ఆ ఏడు నెలలు కారు దిమ్మెల మీదనే ఉండెను. తొందరపడి సగము పనితో రోడ్డెక్కకపోవుటయు పనిలో భాగమే.

చువ్వల చక్రములను మానుటకు కారణము అడుగుదురు. అవి అందమైనవి, అందులో సందేహము లేదు. కాని సముద్రతీరమున చువ్వ చువ్వనా త్రుప్పు చేరును. వాటిని సరిచూచి వంకర తీయగల పనివారు ఇప్పుడు అరుదైరి. అన్నిటికన్న ముఖ్యముగా, జాతీయ రహదారి ప్రక్కన చక్రము మార్చవలసివచ్చినపుడు, నాలుగు నట్లను ఒక పానాతో విప్పుట ఆ అమ్మాయికి సులువు; సుత్తితో రెక్కల నట్టును కొట్టుట సులువు కాదు. పాత హబ్బులను, చక్రములను, డ్రమ్ములను కడిగి, నూనె పూసి, కుడి యెడమలు వ్రాసిన చీటీలు కట్టి పెట్టెలో భద్రపరచితిమి. ఈ తడవ ఆ చీటీలను ముగ్గురమును చదివి సరిచూచితిమి! కారు చట్రమునకు ఒక్క రంధ్రము కూడ పొడువలేదు. రేపు ఎవరైనను కోరినచో రెండు దినములలో కారు పూర్వరూపమునకు రాగలదు. తిరిగి వెనుకకు త్రోవగల మార్పే పాత వస్తువునకు తగిన మార్పని మా అభిప్రాయము.

రెండవ నియమము: ద్రవము పోవు త్రోవను మొదటినుండి చివరివరకు చూచుకొనవలెను. డ్రమ్ముల కాలపు మాస్టరు సిలిండరులలో గొట్టములయందు కొంచెము ఒత్తిడిని నిలిపి ఉంచు చిన్న కవాటము ఉండుట కలదు. డ్రమ్ములకు అది మేలు. డిస్కులకు అదే కీడు. మెత్తలు పళ్ళెమును వదలక రాచుకొనుచు వేడెక్కును. దానిని తొలగింపవలెను. రబ్బరు గొట్టములు బయటికి బాగుగనే కనిపించును. లోపల ఉబ్బి, ద్రవమును పోనిచ్చును గాని తిరిగి రానీయవు. వాటిని మార్చితిమి. ద్రవము కూడ ముఖ్యము. బ్రేకు ద్రవమునకు గాలిలోని తేమను పీల్చు గుణమున్నది. డాట్ 4 అను తరగతి ద్రవము కొత్తగా ఉన్నపుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగదు. తేమ చేరినపిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చును. మరిగిన చోట ఆవిరి పుట్టును. ద్రవము నొక్కుడు పడదు, ఆవిరి నొక్కుడు పడును; పెడలు నేలకు దిగును. అనంతగిరి ఘాటులో మాకు జరిగినది ఇదియే. కోస్తా తేమలో నివసించువారు రెండేండ్లకొకసారి ద్రవమును మార్చుట క్షేమము. ఇది పాత కారునకే గాక మీ యింటి కొత్త కారునకును వర్తించును.

మూడవ నియమము ముందు వెనుకల సమతూకము. బ్రేకు వేసినపుడు బరువు ముందునకు ఒరుగును. వెనుక చక్రములు తేలికపడును. వెనుక బ్రేకులు ముందరి వానికన్న ముందుగా చక్రమును బిగబట్టినచో కారు బొంగరమువలె తిరిగిపోవును. కనుక ముందు డిస్కులు పెట్టినపుడు వెనుక డ్రమ్ముల సిలిండరు కొలతను కూడ ఆ నమూనాకు తగినట్లు సరిచూడవలెను. ముందు బ్రేకుల బలము పెంచితిమి గదా, వెనుకవి కూడ పెంతమనుట తెలివి కాదు.

బిగింపు పని ఓర్పు పని. హబ్బు బేరింగులకు గ్రీజు పెట్టి, నట్టును చెప్పిన కొలతకు బిగించి, దానికి అడ్డముగా కొత్త స్ప్లిట్ పిన్నునే వేయవలెను. పాత పిన్నును నిటారుగా సాగదీసి తిరిగి వాడుట మన పనిశాలలలో తరచుగా చూతుము. అర్ధరూపాయి పొదుపునకు అది అపార సాహసము. ఆ పిన్నే నేటి సీల. తరువాత డిస్కు అంచున డయలు గేజి పెట్టి త్రిప్పి చూచితిమి. మిల్లీమీటరులో పదవ వంతునకు మించి వంకర ఉండరాదు. మొదటిసారి ఒకవైపు దానికి రెట్టింపు కనిపించెను. డిస్కు చెడ్డదనుకొంటిమి. మా పెద్దాయన విప్పి చూడగా, హబ్బునకు డిస్కునకు నడుమ ఒక సన్నని త్రుప్పు పొర చిక్కుకొని ఉన్నది. దానిని గీకి తుడిచినంతనే ముల్లు నిలిచినది. మరియొక హెచ్చరిక. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండుట కద్దు. డ్రమ్ములోని పొడిని నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో మూటకట్టవలెను.

చట్టము మాటను కూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, నిర్మాత చెప్పిన వివరములకు, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భేదము కలుగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. ఏబది యేండ్లు దాటిన పాతకాలపు వాహనములకు 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక రిజిస్ట్రేషను నియమములు చేసినది. చట్రము, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేక మూలరూపముననే ఉండవలెనని వానిలో నిబంధన కలదు. ఆ తరగతిలో చేర్చిన వాహనమును నిత్యవ్యవహారమునకు వాడరాదు. కావున మార్పు తలపెట్టువారు పని ముగిసినపిమ్మట గాక, పానా పట్టకముందే రవాణా శాఖవారిని వ్రాతపూర్వకముగా అడుగుట మంచిది. మేము అట్లే చేసితిమి.

పని ముగిసిన దినమున నేరుగా రోడ్డెక్కలేదు. మొదట నాలుగు చక్రములను జాకీ మీద ఎత్తి చేతితో త్రిప్పి, పెడలు వదలగానే స్వేచ్ఛగా తిరుగుచున్నవో లేదో చూచితిమి. తరువాత ఖాళీ మైదానమున నడక వేగముతో, ఆపైన 20, 40 కిలోమీటర్ల వేగముతో ఆపి చూచితిమి. స్టీరింగు ఏ ప్రక్కకైనను లాగుచున్నదా, ఒక డిస్కు మరియొకదానికన్న ఎక్కువ వేడెక్కుచున్నదా అని పరీక్షించితిమి. నూరు కిలోమీటర్లు తిరిగినపిమ్మట చక్రపు నట్లను ఎదురెదురు వరుసలో మరల బిగించితిమి. అటుపిమ్మట గాని అనంతగిరి ఘాటు వైపు ముఖము త్రిప్పలేదు.

ఆ దిగుడులో ఈసారి చక్రము ముందు కూర్చున్నది యజమాని కుమార్తె. చిన్న గేరు వేసి, పెడలు మీద కాలు నానబెట్టక, మలుపునకు ముందు ఒక్కసారి గట్టిగా నొక్కి వదలుచు, ఆమె నెమ్మదిగా దింపినది. వెనుక మా రెండవ కారులో వచ్చుచున్న మేము, ఆ మట్టికట్ట ఉన్న మలుపు దాటువరకు ఒక్క మాటయు ఆడలేదు. శృంగవరపుకోటలో టీ దుకాణము ముందు ఆగి, పెడలు ఎట్లున్నదని అడిగితిమి. "బరువుగా ఉంది. కాని మొదటి మలుపులో ఎక్కడుందో, చివరి మలుపులోనూ అక్కడే ఉంది" అని ఆమె చెప్పినది. బ్రేకునకు ఇంతకుమించిన యోగ్యతాపత్రము లేదు.

మార్పునకు మూల్యము లేకపోలేదు. కాలికి శ్రమ పెరిగినది. రేకు చక్రములకు ఆ చువ్వల సొగసు లేదు. మా మిత్రులు ఇప్పటికిని అప్పుడప్పుడు పెట్టె తెరచి పాత హబ్బులను చేతిలోకి తీసికొని చూచుచుందురు. అది తప్పు కాదు. తండ్రిగారి కారును కాపాడుట అనగా దాని ఇనుమును కాపాడుట ఒక్కటే కాదు, దానిలో కూర్చుండువారిని కాపాడుటయు అని మాత్రము ఆయన ఇప్పుడు ఒప్పుకొందురు.

శ్రోతలందరి యిండ్లలో స్పోర్ట్స్ కార్లు ఉండవు. స్కూటరో, ఆటోయో, నాలుగు చక్రముల బండియో ఉండవచ్చును. ఏదైన నేమి? వదులైన నట్టును మాటిమాటికి బిగించుట అలవాటైనపుడు, ఒక్కసారి ఆగి, అది ఎందుకు వదులగుచున్నదని అడుగుడు. పెడలు నిన్నటికన్న నేడు లోతుగా పోవుచున్నచో, రేపటికి వాయిదా వేయకుడు. సీల జారినపుడు వ్రేలు పెట్టుటకు ప్రతి రథములోను కైక ఉండదు. సెలవు.